వీధి కెమేరా – పంచాయతి బాధ్యత

రచ్చబండ యొద్దను, పాఠశాల యెదుటను, మంచినీటి ట్యాంకు ప్రక్కను నేడు పెక్కు గ్రామములలో కెమేరాలు అమర్చబడుచున్నవి. దొంగతనములు తగ్గునను ఆశతో చందాలు వేసికొని కొనువారును కలరు. మంచిదే. కాని ఇంటర్నెట్‌తో కలిసిన కెమేరా చూచుటయే కాదు, చూచినదానిని దూరమునకు పంపును. ఏ స్త్రీ ఏ వేళ కొళాయికి వచ్చినదో, ఏ యింట ఎవరును లేరో, అంతయు ఎక్కడనో యున్న కంప్యూటరులో నిలువ యుండవచ్చును. దానిని చూడగలవా రెవ్వరు? తీర్మానము చేయుటకు ముందే ఈ ప్రశ్న అడుగవలెను.

గోప్యత రాజ్యాంగము 21వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. పిమ్మట పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి; ముఖ్య విధుల అమలునకు అప్పటినుండి 18 నెలల గడువు ఈయబడినది. సిద్ధపడుటకే యీ గడువు.

సమాచారమును ఎందుకు, ఏ రీతిని సేకరింపవలెనో నిర్ణయించువారే దానికి బాధ్యులని ఈ చట్టము చెప్పుచున్నది. బిగించినది గుత్తేదారు, నడపునది కంపెనీ యని తప్పించుకొన వీలులేదు. ఒప్పందములో నేమి వ్రాసికొన్నను అంతే. తగిన భద్రత చేయకుండుటకు రు. 250 కోట్ల వరకు జరిమానా విధించు అధికారము డేటా రక్షణ మండలికి ఈయబడినది. సమాచారము బయటికి పొక్కినచో మండలికిని, సంబంధించిన వ్యక్తులకును తెలుపవలెను.

భద్రత యనగానే పెద్ద ఖర్చని తలపనక్కరలేదు. 2016లో ‘మిరాయ్’ అను దుష్ట ప్రోగ్రాము లక్షలకొలది కెమేరాలను, అట్టి యితర పరికరములను లోబరచుకొన్నది. వాని బలముతోనే ఆ అక్టోబరులో అమెరికాయందు పెక్కు ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటలు స్తంభించినవి. దాని చేతిలోని ఆయుధ మేమి? కర్మాగారములలో పెట్టిన పాస్‌వర్డులు, సుమారు 60. కొన్నవారు వానిని మార్చలేదు. తాళము వేసి తాళపుచెవిని గడపమీదనే విడిచినట్లయినది.

కావున బిగించిన దినముననే పాస్‌వర్డు మార్పింపుడు. క్రొత్తది గుత్తేదారు ఫోనులో మాత్రమే యుండరాదు. కెమేరా వీధి వైపే చూడవలెను గాని ఎవరి పెరటి వైపును తిరుగరాదు. దృశ్యములు ఎన్ని దినము లుంచబడునో, ఎవరు చూడవచ్చునో తీర్మానములో వ్రాసి, కెమేరా క్రిందనే తెలుగున పలక కట్టింపుడు.

గృహస్థుడు స్వంత అవసరమునకు పెట్టుకొన్న కెమేరాకు 2023 చట్టము వర్తింపదు. అయినను దానితో ఒకరి శరీర మర్మభాగములను వారి సమ్మతి లేక బుద్ధిపూర్వకముగా చిత్రించుట సమాచార సాంకేతిక చట్టము 66-ఇ సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు ఖైదు కలదు. పెరటి తగవుతో వచ్చు ఇరుగుపొరుగులకు సభ్యులు ఈ భేదమును విప్పి చెప్పవలసియుండును.