పెన్నా లోయ - కలివికోడి

నల్లమల, పాలకొండ, వెలికొండ శ్రేణుల నడుమ కడప సీమలో విస్తరించిన సాగుభూమి పెన్నా లోయ. గండికోట వద్ద ఎర్రమల కొండలను చీల్చుకొని వచ్చిన పెన్నానది కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు నదులను తనలో కలుపుకొని, సోమశిల మీదుగా నెల్లూరు వైపు సాగిపోతుంది. నీటి వసతి ఉన్నచోట వరి, పసుపు పండుతాయి. మెట్టపొలాల్లో వేరుసెనగ, పొద్దుతిరుగుడు పంటలు కనిపిస్తాయి. పొలం గట్టు దాటితే ముళ్ళపొదల నేల, అది దాటితే కొండవాలు, ఆపైన అడవి. ఈ మూడింటికీ అవినాభావ సంబంధం ఉంది.

ఇక్కడి వర్షపాతం తక్కువ. నేల చాలాచోట్ల రాతిమయం. ఈ కఠిన పరిస్థితులకు అలవాటుపడిన వృక్షజాతులే ఈ కొండలను ఆశ్రయించి బతుకుతున్నాయి. వాటిలో సుప్రసిద్ధమైనది ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. సారవంతమైన నల్లరేగడిని కోరక, బండరాళ్ళ సందులలో వేరూని, ఎన్నో ఏళ్ళపాటు నెమ్మదిగా ఎదుగుతుంది. పసుపుపచ్చని పూలు, చుట్టూ రెక్కవలె పలుచని అంచు గల గుండ్రని కాయలు దీని లక్షణాలు. మానులోని చేవ ఎర్రగా, నీటిలో మునిగేటంత బరువుగా ఉంటుంది. ఆ చేవకున్న గిరాకీయే దానికి శాపమైంది. అక్రమ నరికివేత పెరగడంతో 1995లో దీనిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. అయినా దొంగరవాణా సమస్య నేటికీ తీరలేదు.

ఎర్రచందనానికి విలువ కట్టిన లోకం కొండ పాదాన ఉన్న పొదల నేలను మాత్రం పట్టించుకోలేదు. కలివి, రేగు, బలుసు, సండ్ర, తుమ్మ వంటి మొక్కలు అక్కడక్కడా పెరిగి, వాటి మధ్య మట్టినేల ఖాళీగా కనిపించే ఈ ప్రదేశం చూపరులకు పనికిరాని బీడుగా తోస్తుంది. కాని ఆ పొదల నీడన చీమలు, చెదలు, తొండలు, కుందేళ్ళు, కముజులు జీవిస్తాయి. వీటన్నింటితోపాటు ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటైన కలివికోడి కూడా ఇక్కడే తలదాచుకొంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ అనే ఆంగ్లేయుడు 1848 ప్రాంతంలో ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత పెన్నా, గోదావరి పరీవాహక ప్రాంతాలలో కొన్నిసార్లు కనిపించి, 1900లో అనంతపురం సమీపంలో నమోదైన పిమ్మట దాని జాడ తెలియలేదు. ఆ జాతి అంతరించిందనే పలువురు శాస్త్రజ్ఞులు భావించారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు పక్షి బొమ్మలను చూపుతూ గ్రామాలలో విచారించగా, పిట్టల వేటలో అనుభవం గల స్థానికులు దానిని గుర్తుపట్టారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపాన ఒక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టుకోగలిగాడు. శాస్త్రలోకం ఎనభై అయిదేళ్ళపాటు కనుగొనలేకపోయిన పక్షి ఆ ప్రాంత ప్రజల మాటలో సజీవంగా ఉంది. కలివిపొదల మధ్య తిరుగుతుంది కనుక అది వారికి కలివికోడి.

సుమారు 27 సెంటీమీటర్ల పొడవు గల ఈ పక్షి ఎదపై రెండు గోధుమవన్నె పట్టీలు, గొంతుపై ఎర్రని మచ్చ ఉంటాయి. పగలు పొదల చాటున కదలక ఉండి, రాత్రి నేలపై పరుగులు తీస్తూ చీమలను, చెదలను తింటుంది. చీకటిపడిన కొద్దిసేపటికి దాని కూత వినిపిస్తుంది. కంటికి చిక్కని ఈ పక్షిని తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించారు. మితమైన పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటనే అది నివసిస్తుందని గ్రహించారు. పొదలు పూర్తిగా తొలగిపోయినా, మరీ దట్టమైనా దానికి నివాసయోగ్యం కాదు. మితంగా పశువులు మేసే నేల దానికి అనుకూలమే. వంటచెరకుకై పొదలను మొదలంటా నరకడం, బీడును చదును చేసి తోటలు వేయడం దానికి ప్రమాదకరం.

కలివికోడి రక్షణకోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ పనుల వల్ల దాని నివాసానికి ముప్పు వాటిల్లినపుడు కాలువ మార్గాన్ని మార్చారు. సాగునీరు రైతుకు ప్రాణాధారం. అయినా నీటికీ పక్షికీ రెండింటికీ దారి చూపడం సాధ్యమేనని ఆ నిర్ణయం చాటింది. కాని కాలువ వచ్చినచోట బీడు భూములకు ధర పెరుగుతుంది. పొదలు పొలాలవుతాయి. అందుచేత అభయారణ్యం వెలుపలి నేల భవితవ్యం ఇప్పటికీ ప్రశ్నార్థకమే. ఇటీవలి సంవత్సరాలలో కలివికోడి జాడ మిక్కిలి అరుదైపోయింది.

కొండపై చెట్టు నిలిస్తే వాననీరు నేలలో ఇంకి ఊటగా దిగువకు చేరుతుంది. పొదలలో గూడుకట్టిన పక్షులు పొలంలోని పురుగులను ఏరి తింటాయి. జెర్రిగొడ్డు, గుడ్లగూబ ఎలుకలను అదుపులో ఉంచుతాయి. అడవిపూలపై బతికే తేనెటీగలే పొద్దుతిరుగుడు గింజకట్టడానికి తోడ్పడతాయి. ఈ మేలు ఏ ఖాతాలోనూ నమోదు కాదు. కనుకనే పొదల నేలను బీడుగా లెక్కగట్టడం తేలిక. అక్కడి పల్లె ప్రజలు మాత్రం దానిలోని ప్రతి చెట్టుకూ, ప్రతి పిట్టకూ ఒక పేరు పెట్టుకొన్నారు. ఆ పేర్లు తెలిసిన తరం ఉండగానే ఆ నేలను కాపాడుకోవడం ఆ లోయకు మేలు, దేశానికి కర్తవ్యం.