బతుకమ్మ ఆటలో బుడతలకూ చోటివ్వండి

బతుకమ్మ తొమ్మిది రోజులూ ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్ల ముందు ఒకటే సందడి. అమ్మలు, అమ్మమ్మలు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటారు. నాలుగేళ్ల బుజ్జిగాణ్ని మాత్రం ‘అడ్డం రాకు’ అని ఫోన్ చేతికిచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. నిజానికి ఆ ఆట అవసరం పెద్దలకన్నా వాడికే ఎక్కువ. మగపిల్లాడికి బతుకమ్మ ఏమిటంటారా? కండరాలకు ఆ తేడా తెలియదు.

గెంతడం, వంగి లేవడం, ఒంటికాలిపై నిలబడటం... పెద్ద కండరాలతో చేసే ఈ పనులు పదేపదే చేస్తేనే పట్టుబడతాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తమ్మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెర ముందు కూర్చోవడం గంట దాటకూడదంది. ఐదో అంతస్తు ఫ్లాటు, కార్లతో నిండిన సెల్లార్ ఉన్నచోట ఇదెలా సాధ్యం? హాల్లో సోఫా కాస్త జరిపితే బతుకమ్మ ఆటకు చోటు దొరుకుతుంది.

అడుగు వేసి, వంగి, చప్పట్లు కొట్టి, లేచి పక్కకు జరగడం చూడ్డానికి తేలికే. కానీ పిల్లలు ఒంటి బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదకు మార్చాలి, తూలకుండా ఆగాలి, పక్కవాళ్ల వేగాన్ని అందుకోవాలి. కోలాటం ఇంకో మెట్టు పైన. కుడిచేతి కోల ఒంటి మధ్యగీత దాటి ఎడమవైపు వాళ్ల కోలను తాకాలి. ఐదేళ్లలోపు వారికి కర్రలివ్వకండి, కళ్లకు ప్రమాదం. గుండ్రంగా చుట్టిన న్యూస్‌పేపర్ చాలు. టైల్స్ మీద ఆడేటప్పుడు సాక్సులు తీసేయించండి. డీజే అసలే వద్దు, ఆ వేగానికి పెద్దవాళ్ల కాళ్లే తడబడతాయి. అమ్మమ్మ పాడితే పిల్లల అడుగు పడేదాకా పాట ఆగుతుంది. పండగయ్యాక కూడా సాయంత్రం పావుగంట ఆడించండి.

కుడి ఎడమల తికమక ఈ వయసులో సహజమే. ఒక్కటి మాత్రం గమనించండి. కింద కూర్చున్న పిల్లాడు చేతులతో మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ పైకి లేస్తుంటే బద్ధకం అనుకోవద్దు. మగపిల్లల్లో ఇది డుషేన్ అనే కండరాల క్షీణత జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. పిక్కలు లావెక్కడం, తరచూ పడిపోవడం, మెట్లెక్కలేకపోవడం కూడా దాని లక్షణాలే. సీపీకే అనే రక్తపరీక్షతో మొదటి ఆధారం దొరుకుతుంది. మూడేళ్లు దాటినా రెండు కాళ్లతో గెంతలేకపోయినా, ఎప్పుడూ మునివేళ్లపైనే నడుస్తున్నా, వచ్చిన పని మర్చిపోతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆడిస్తే అదే సర్దుకుంటుందని నెలలు గడపొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఎదుగుదల లోపాల పరీక్షలు ఉచితంగా చేస్తారు.