మీకు తెలుసా? వెబ్ అడ్రసులో ప్రొద్దుటూరు పొడవు 108!

● ‘ప్రొద్దుటూరు’ మన కంటికి నాలుగక్షరాలే. కంప్యూటర్ మాత్రం ఒత్తులు, గుణింతాలు విడదీసి 12 గుర్తులుగా లెక్కేస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే 36. అదే ఫోల్డర్ పేరై వెబ్ అడ్రసులోకి ఎక్కితే, శాతం గుర్తులతో కలిపి 108 అక్షరాల తోక! జమ్మలమడుగు, పులివెందుల కాస్త నయం, ఒక్కోదానికి 90. వాట్సాప్‌లో అలాంటి లింకు పంపితే సగం స్క్రీన్ దానికే సరి. పేజీలో తెలుగు ఎంతైనా రాయండి, ఫోల్డర్ పేరు మాత్రం చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడమే సుఖం.

● ఇంగ్లీషు పేర్లలోనూ ఒక చిక్కుంది. పులివెందుల చివర ‘దుల’ అని కొందరు, ‘ద్ల’ అని కొందరు ఇంగ్లీషులో రాస్తారు. ప్రొద్దుటూరు సంగతీ అంతే. ఏదో ఒకటి ఖాయం చేసుకుని దానికే కట్టుబడాలి.

● గండికోట ఫొటో పేరు పెద్ద ‘జి’తో ఒకచోట, చిన్న ‘జి’తో ఇంకోచోట రాస్తే లినక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. విండోస్‌కు మామూలుగా రెండూ ఒకటే. ఇంట్లో చక్కగా కనిపించిన బొమ్మలు సర్వర్ ఎక్కగానే మాయమయ్యేది చాలాసార్లు ఇందుకే.

● మన కడప జిల్లా ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది, 2010లో వైఎస్ఆర్ జిల్లా అయింది. ఫోల్డర్‌కు జిల్లా పేరు పెట్టినవాళ్లు ప్రతిసారీ లింకులు సరిచేసుకోవాల్సిందే. వర్డ్‌ప్రెస్ అప్‌లోడ్లను సంవత్సరం, నెల ఫోల్డర్లలో సర్దుతుంది. జిల్లాల వెబ్‌సైట్లకు ఎన్‌ఐసీ వాడే ఎస్3వాస్‌దీ అదే పద్ధతి. తేదీకి పేరు మార్చే జీవో రాదు కదా!

● ‘పబ్లిక్_హెచ్‌టీఎంఎల్’ ఫోల్డర్ ప్రొద్దుటూరు బంగారం అంగడి షోకేసు లాంటిది. అందులో పెట్టింది లోకమంతా చూస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఫైలు, బ్యాకప్ జిప్ దానికి బయట, పై ఫోల్డర్లో ఉండాలి. ఇండెక్స్ ఫైలు లేని ఫోల్డర్‌ను, లిస్టింగ్ ఆపకపోతే, అపాచీ జాబితా వేసి మరీ చూపిస్తుంది.

● ఒకే సర్వర్లో నాలుగు సైట్లుంటే డొమైన్ పేరుతో ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్. మామూలుగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 అనుమతులు చాలు. ఎర్రర్ వస్తే 777 పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినకండి. ముందు మీ సైటు ఫోల్డర్ తెరిచి, పాత బ్యాకప్ జిప్ అందులోనే పడి ఉందేమో ఈరోజే చూడండి.