సీసా మీద ‘హెంప్’ అని ఉంటే సరిపోతుందా?

డాలస్ దగ్గరి ఒక తెలుగు సంఘం నుంచి ఒక సహోదరి నాకు ఫోన్ చేశారు. వాళ్ల అమ్మగారు ప్రకాశం జిల్లా నుంచి విజిటర్ వీసా మీద వెళ్లి కూతురి దగ్గర ఉన్నారు. మోకాళ్ల నొప్పులు, రాత్రుళ్లు నిద్ర లేదు. ఎవరో చెబితే ఇంటి దగ్గర పెట్రోలు బంకు దుకాణంలో గమ్మీల సీసా ఒకటి కొన్నారు. అంటే పళ్ల రుచితో ఉండే మెత్తటి మిఠాయిలు. మూడు రాత్రులు పెద్దావిడకు బాగా నిద్ర పట్టింది. నాలుగో రాత్రి ఒకటి వేసుకుని, గంటైనా నిద్ర రాలేదని ఇంకొకటి వేసుకున్నారు. బాత్‌రూముకి వెళ్తూ గోడ పట్టుకుని కూలబడిపోయారట. గుండె దడ, చెమటలు, ఏ ఊళ్లో ఉన్నారో తెలియని అయోమయం.

అయితే ఆ సహోదరి ఫోన్ చేసింది అందుకు కాదు. “అయ్యగారూ, అమ్మ తిరిగి వెళ్లేటప్పుడు నాలుగు సీసాలు తీసుకెళ్తానంటోంది, మా పెద్దమ్మకీ పిన్నికీ ఇస్తుందట. దీని మీద హెంప్ అని ఉంది. గవర్నమెంటు ఒప్పుకున్నదే కదా, తప్పు లేదు కదా?”

ముందు “వద్దమ్మా, ఒక్కటి కూడా పెట్టెలో పెట్టవద్దు” అని చెప్పాను. ఎందుకో వివరించడానికి అరగంట పట్టింది. ఆ అరగంట మాటలే ఈ వారం ఇక్కడ రాస్తున్నాను. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లి వచ్చే తల్లిదండ్రులు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు.

హెంప్ అంటే ఏమిటి? మన నిఘంటువుల్లో చూస్తే జనుము, జనపనార అని ఉంటుంది. దానివల్ల చాలామంది పొరబడుతున్నారు. మన పొలాల్లో పచ్చిరొట్టగా చల్లే జనుముకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అమెరికాలో హెంప్ అనేది గంజాయి మొక్కే. జాతి ఒకటే, వేరు చేసేది చట్టం. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం పేరు టీహెచ్‌సీ. అందులో ముఖ్యమైనది డెల్టా-9. ఎండిన మొక్క బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే అది హెంప్, మించితే గంజాయి అని 2018 డిసెంబరులో ఫెడరల్ వ్యవసాయ చట్టం, అంటే ఫార్మ్ బిల్లు, గీత గీసింది. నార కోసం, గింజల కోసం, సీబీడీ అనే మత్తులేని పదార్థం కోసం రైతులు ఈ పంట వేసుకోవాలని దాని ఉద్దేశం.

గీత గీసింది పొలంలోని మొక్కను దృష్టిలో పెట్టుకుని. వ్యాపారులు దాన్ని మిఠాయికీ కూల్‌డ్రింకుకీ వర్తింపజేశారు. లెక్క మీరే వేసి చూడండి. నాలుగు గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. 355 మిల్లీలీటర్ల డ్రింకు డబ్బాలో 0.3 శాతం అంటే వెయ్యి మిల్లీగ్రాముల పైమాటే! మిన్నెసోటా రాష్ట్రం ఒక మోతాదుకు 5 మిల్లీగ్రాములే హద్దు అని పెట్టింది. ఆ కొలతతో చూస్తే ఆ ఒక్క డబ్బాలో రెండువందల మోతాదులు పట్టినా శాతం లెక్కలో అది ‘హెంపే’. అంత మత్తు కలిపి ఎవరూ అమ్మరు, 5, 10 కలిపి అమ్ముతారు. కానీ ఆ 10 చాలు, అలవాటు లేని డెబ్బై ఏళ్ల మనిషిని కింద పడేయడానికి.

దొంగత్రాసు గురించి సామెతల గ్రంథం చెప్పిన మాట (11:1) మనం వ్యాపారుల కూటాల్లో ప్రసంగిస్తుంటాం. ఇక్కడ త్రాసు దొంగది కాదు. సరిగ్గానే తూచింది, తూచవలసినదాన్ని తూచలేదు, అంతే. మత్తు ఎక్కేది మిల్లీగ్రాములతో. చట్టం శాతాన్ని అడిగింది.

ఇంకో రెండు సందులు కూడా ఉన్నాయి. సీబీడీని ఆమ్లాలతో మార్చి డెల్టా-8 అనే పదార్థం తయారు చేస్తారు. అదీ మత్తిస్తుంది, అయితే చట్టంలో రాసింది డెల్టా-9 అని మాత్రమే. రెండోది టీహెచ్‌సీఏ. పచ్చి పువ్వులో ఉన్నప్పుడు మత్తివ్వదు, నిప్పు తగలగానే డెల్టా-9గా మారుతుంది. దుకాణంలో ఉన్నంతసేపు హెంప్, చుట్టి ముట్టించగానే గంజాయి.

ఇక రాష్ట్రాల సంగతి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌నే తీసుకుంటాను. అక్కడ మామూలు గంజాయి నేటికీ నేరం. 2019లో హౌస్ బిల్లు 1325 ద్వారా టెక్సస్ ఫెడరల్ నిర్వచనాన్నే తీసుకుని, హెంప్ సరుకుల బాధ్యతను రాష్ట్ర ఆరోగ్యశాఖకు అప్పగించింది. లేబుల్ మీద బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు, 0.3 శాతం మించలేదన్న ధ్రువీకరణ, పరీక్షా ఫలితాలకు దారి చూపే లింకు ఉండాలంది. బాగానే ఉంది. అంత శ్రద్ధగా రాసిన ఆ చట్టంలో కొనేవాడి వయసు ఎంత ఉండాలన్న మాట లేదు. సారాకు 21 ఏళ్లు, సిగరెట్టుకు 21 ఏళ్లు అన్న రాష్ట్రంలో మత్తు మిఠాయికి వయసు పరిమితి లేకుండా ఆరేళ్లు గడిచాయి. ఈ విషయం తెలిసినప్పుడు నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఆరోగ్యశాఖ 2021లో డెల్టా-8 నిషిద్ధమని ప్రకటిస్తే వ్యాపారులు కోర్టుకెళ్లి ఆపించారు. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ పట్టుబట్టగా, టీహెచ్‌సీ ఉన్న హెంప్ సరుకులన్నిటినీ నిషేధించే సెనేట్ బిల్లు 3 రెండు సభల్లోనూ నెగ్గింది. గవర్నర్ గ్రెగ్ అబాట్ జూన్ 22న దాన్ని వీటో చేశారు. నిషేధం కోర్టుల్లో నిలవదు, మద్యంలాగా నియంత్రించండి అన్నది ఆయన వాదన. రెండుసార్లు ప్రత్యేక సమావేశాలు పెట్టినా చట్టం కాలేదు. చివరికి సెప్టెంబరు 10న గవర్నరే ఉత్తర్వు ఇచ్చారు. 21 ఏళ్లలోపు వారికి అమ్మరాదు, గుర్తింపు కార్డు చూడాలి. దాన్నిబట్టి మద్యం కమిషన్, ఆరోగ్యశాఖ నిబంధనలు తెచ్చాయి. అదే సెప్టెంబరు 1 నుంచి టీహెచ్‌సీ, సీబీడీ వంటివి ఉన్న వేప్‌ల అమ్మకం వేరే చట్టం కింద పూర్తిగా నేరమైంది. గమ్మీ అమ్మవచ్చు, వేప్ అమ్మకూడదు. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ ముక్క గట్టిగా చెప్పండి.

ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి. మిన్నెసోటా 2022 జులైలోనే మోతాదుకు 5, ప్యాకెట్టుకు 50 మిల్లీగ్రాములని హద్దు పెట్టి, 21 ఏళ్లు నిండాలని, పిల్లలు తెరవలేని మూత ఉండాలని, పిల్లల మిఠాయిల్లా కనిపించకూడదని రాసింది. నా మట్టుకు అదే తెలివైన చట్టం, శాతాన్ని వదిలి మిల్లీగ్రాములు పట్టుకుంది కాబట్టి. కాలిఫోర్నియాలో పెద్దలకు గంజాయికి లైసెన్సు దుకాణాలున్నాయి. అయినా 2024 సెప్టెంబరులో హెంప్ తినుబండారాల్లో టీహెచ్‌సీ ఛాయలే ఉండకూడదంది. జార్జియా 2024 అక్టోబరు నుంచి గమ్మీలూ డ్రింకులూ ఉండనిచ్చి, పొగతాగే పువ్వును ఆపింది. డాలస్‌లో కొన్నది లాస్ ఏంజెలస్ చుట్టాలింటికి తీసుకెళ్తే అక్కడి చట్టం వేరు.

అన్నిటికంటే పెద్ద మార్పు ముందుంది. 2025 నవంబరు 12న సంతకమైన ఫెడరల్ నిధుల చట్టంలో హెంప్ నిర్వచనాన్నే తిరగరాశారు. డెల్టా-9 ఒక్కటే కాదు, టీహెచ్‌సీ అంతా లెక్కలోకి వస్తుంది. తినే, తాగే సరుకులో మొత్తం డబ్బాకు 0.4 మిల్లీగ్రాములు మించకూడదు. డెల్టా-8లాగా ప్రయోగశాలలో మార్చి చేసినవి హెంప్ కిందికి రావు. ఇది అమలులోకి వచ్చే తేదీ 2026 నవంబరు 12. ఆనాటి నుంచి, రాష్ట్రం ఏమన్నా సరే, ఆ సహోదరి ఇంట్లో ఉన్నటువంటి సీసా ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి. ఇవాళ బిల్లు కట్టి కొన్న వస్తువు, అల్మరాలో ఉండగానే పేరు మార్చుకుంటుంది!

పౌరసత్వం లేనివారికి ఈ ముక్క చాలా ముఖ్యం. హెచ్-1బీ, విద్యార్థి వీసా, గ్రీన్‌కార్డు, ఏదైనా సరే, వలస చట్టం చూసేది ఫెడరల్ నిర్వచనాన్ని. శిక్ష పడకపోయినా, నిషిద్ధ పదార్థం వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే ప్రవేశానికి అడ్డు కావచ్చు. పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన పరిశీలించేటప్పుడు, రాష్ట్రం అనుమతించిన గంజాయి కూడా అడ్డేనని వలస శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఇలాంటి ప్రశ్న ఎదురైతే వలస న్యాయవాదిని అడిగి జవాబివ్వండి, సంఘంలో అనుభవజ్ఞులని పేరున్నవారిని అడిగి కాదు. ఉద్యోగ పరీక్షల సంగతీ ఉంది. మూత్రపరీక్షకు హెంప్ టీహెచ్‌సీ, గంజాయి టీహెచ్‌సీ అన్న తేడా తెలియదు.

టెక్సస్‌లో ఇంకో ప్రమాదం. సీసా మీద హెంప్ అని ఉండి, పరీక్షలో 0.3 దాటిందనుకోండి. ఆకు అయితే చిన్న నేరం. గమ్మీ, నూనె అయితే వేరే విభాగం కింద ఫెలనీ. అక్కడ తూకం వేసేది మత్తు పదార్థాన్ని మాత్రమే కాదు, చక్కెరతో సహా మొత్తం మిఠాయిని. నాలుగు గ్రాములకు చేరితే 2 నుంచి 20 ఏళ్ల శిక్షకు అవకాశం ఉంది. కాబట్టి లేబుల్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో తెరిచి చూడండి. ఆ బ్యాచ్ నంబరుకే పరీక్షా పత్రం ఉందా, మొత్తం టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములు? పత్రం తెరుచుకోకపోతే ఆ సీసా అక్కడే వదిలేయండి.

ఇప్పుడు పెట్టె సంగతి. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి మొక్క పూత నుంచి చేసిన మిశ్రమాన్నీ, దానితో తయారైన పానీయాన్నీ కూడా గంజాయి కిందే లెక్కగడుతుంది. టీహెచ్‌సీ పేరు విడిగా కూడా జాబితాలో ఉంది. డాలస్ దుకాణం రసీదు శంషాబాద్ విమానాశ్రయంలో చెల్లదు. ‘నొప్పికి మందు సార్’ అని ఆ పెద్దావిడ చెప్పుకోవలసి వచ్చేది ఎవరి ముందో ఆలోచించండి.

నొప్పి అబద్ధం కాదు, నిద్రలేమి అబద్ధం కాదు. ఆ తల్లిని గంజాయి తిన్నదని సంఘంలో చెప్పుకునేవారుంటే, వారు ముందు తమ నాలుకను చూసుకోవాలి. ఆమె కొన్నది మత్తు కాదు, ఉపశమనం. అలాగని తెలియక చేసినదాన్ని తెలిశాక కొనసాగించలేం. మద్యంతో మత్తులు కావద్దని ఎఫెసీయులకు రాసిన పౌలు (5:18), కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికీ రాశాడు (మొదటి పత్రిక 5:23). రెండిటినీ కలిపి చదివితే అడగవలసిన ప్రశ్న తెలుస్తుంది. ఇది జబ్బుకు మందా, మందు పేరుతో వచ్చిన మత్తా? మందైతే మోతాదు చెప్పే వైద్యుడు ఉండాలి. టెక్సస్‌లో వైద్యుడి ద్వారా ఇచ్చే పథకం 2015 నుంచి ఉంది, 2025లో దీర్ఘకాలిక నొప్పినీ చేర్చారు. అయితే అది ఆ రాష్ట్ర నివాసులకే, చూడ్డానికి వచ్చిన అమ్మమ్మలకు కాదు. ఫెడరల్ చట్టం దాన్నీ గంజాయిగానే చూస్తుంది.

‘మత్తులేని సీబీడీయే కదా’ అనేవారికి ఒక మాట. రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్ వంటి మందుల ప్రభావాన్ని సీబీడీ పెంచగలదు, కాలేయానికీ హాని చేయవచ్చు. సీబీడీని ఆహారంగా, సప్లిమెంటుగా అమ్మడానికి ఫెడరల్ ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఆమోదించింది మూర్ఛలకు వాడే ఒక్క మందును, 2018లో. గుండెకు, బీపీకి మందులు వాడే పెద్దలు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఆ సహోదరి మర్నాడు అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, సీసా కూడా చూపించారు. సిగ్గుపడి దాచి ఉంటే రక్తపోటు మందు మార్చి ఊరుకునేవారేమో. ఇంట్లో పసిపిల్లవాడు మిఠాయి అనుకుని తిన్నా, పెద్దవాళ్లు ఎక్కువ వేసుకున్నా, అమెరికాలో విషప్రమాదాల సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222, రోజంతా ఉచితం. తిన్నది పని చేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు కనుక, ఏమీ కాలేదు కదా అని ఆగవద్దు. మగతగా ఉండి లేవకపోయినా, ఊపిరి కష్టమైనా 911. సీసా చేతిలో పట్టుకుని ఫోన్ చేయండి, మిల్లీగ్రాములు ఎన్నని వాళ్లు అడుగుతారు.