కొత్త విత్తనము ఊరంతటికి ఎట్లు ప్రాకును?

సంఘము మారుచున్నదని మనమందరము అందుము. కాని అది ఏ దినమున మారినది? మన తాతల కాలమున ఎద్దులు దున్నిన పొలమును నేడు ట్రాక్టరు దున్నుచున్నది. ఈ మార్పు వచ్చిన రోజు ఏదియని అడిగినచో ఏ ఊరివారును చెప్పజాలరు. ఒక్కొక్క ఇల్లు మారినది. తుదకు ఊరు మారినది. ఇట్టి మార్పును రైతు వెంబడి రైతును అడిగి లెక్కగట్టిన శాస్త్రజ్ఞులు కలరు. వారి కృషిని గూర్చి తెలిసికొందము.

అయోవా రైతులు

అమెరికాలోని అయోవా రాష్ట్రము మొక్కజొన్న పంటకు ప్రసిద్ధి. 1928 ప్రాంతమున అక్కడి రైతులకు సంకర మొక్కజొన్న విత్తనము లభింపసాగెను. వేరు వేరు శుద్ధవంశములను కలిపి పుట్టించిన ఈ విత్తనము పాతదానికంటె సుమారు 20 శాతము ఎక్కువ పండెను. వానలు లేని యేడు కూడ మెరుగుగా నిలిచెను. కాని దీనికొక చిక్కు కలదు. దాని పంటలోని గింజలనే మరల విత్తినచో ఆ బలము తగ్గిపోవును. కావున రైతు ఏటేట విత్తనము కొనవలెను. అంతవరకు తన చేలోని మంచి కంకులను తానే ఏరి దాచుకొను రైతునకు ఇది క్రొత్త ఖర్చు మాత్రమే కాదు, పాత అలవాటును వదలుకొనుట కూడ.

బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను సాంఘిక శాస్త్రజ్ఞులు అక్కడి 259 మంది రైతులను ప్రశ్నించి, 1943లో ఫలితములను ప్రకటించిరి. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరును కొత్త విత్తనమునకు మారిరి. అయితే 1933 నాటికి, అనగా మొదటి అయిదేండ్లలో, మారినవారు నూటికి 10 మంది మాత్రమే. తరువాతి మూడేండ్లలో ఆ సంఖ్య నూటికి 40కి ఎగబ్రాకెను. చివరకు మారవలసినవారు కొలదిమందియే మిగులుటచే వేగము మరల తగ్గెను. ఈ లెక్కలను గ్రాఫు కాగితముపై గుర్తించినచో, సాగదీసిన 'ఎస్' అను ఆంగ్లాక్షరమువంటి వక్రరేఖ వచ్చును.

ఇంకొక విశేషము కలదు. చాలమంది రైతులు కొత్త విత్తనమును గూర్చి మొదట విన్నది దానిని అమ్మువారి నోట. కాని వారిని ఒప్పించినది పొరుగు రైతు. వినుట వేరు, నమ్ముట వేరు. నమ్మిన పిమ్మట కూడ రైతు తన పొలమంతయు ఒకేసారి అప్పగింపలేదు. ఒక చిన్న చెక్కలో వేసి చూచి, కొన్నియేండ్లకు పూర్తిగా మారెను.

వక్రరేఖ వెనుక లెక్క

ఈ ఆకారమెందుకు వచ్చినది? నూరుమంది రైతులున్న ఊరిని ఊహింపుడు. మారినవాడు, మారనివాడు కలిసికొన్నప్పుడే మార్పు ఒకరినుండి ఒకరికి అందును. అట్టి జతలెన్ని యుండునో చూతము. మారినవారు 5, మారనివారు 95 అయినచో 5 × 95 = 475 జతలు. చెరి 50 మంది అయినచో 2,500 జతలు. మారినవారు 95 అయినపుడు మరల 475. మొదట చెప్పువారు తక్కువ; చివర వినువారు తక్కువ; నడుమ ఇరువురును సమృద్ధిగా నుందురు. కావున నడుమనే వేగము హెచ్చు. బెల్జియము గణితజ్ఞుడు వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదలకై వ్రాసిన సమీకరణమునకును ఈ ఆకారమే.

దీనిని తరగతిలో ప్రయోగించి చూడవచ్చును. విద్యార్థులందరి పేర్లను చీటీలపై వ్రాసి పెట్టెలో వేయుడు. ఒక విద్యార్థికి ఒక మాట చెప్పుడు. ప్రతి విడతలోను ఆ మాట తెలిసిన ప్రతివాడును ఒక చీటి తీసి, అందు పేరున్నవానికి చెప్పి, చీటిని మరల పెట్టెలో వేయవలెను. విడత విడతకు తెలిసినవారి సంఖ్యను గ్రాఫుపై గుర్తింపుడు. అయోవా వక్రరేఖ మీ తరగతిలోనే పుట్టును.

చివరివాడు మూర్ఖుడా?

ఈ పాఠము చెప్పినపుడు మా విద్యార్థి యొకడు లేచి, "మా ఊరిలో కొత్త వంగడమునకు అందరికంటె చివర మారినది మా నాన్నగారేనండీ. ఆయన తెలివి తక్కువవారా?" అని అడిగెను. తరగతి నవ్వెను గాని ప్రశ్న నవ్వదగినది కాదు.

ఎవరెట్ రోజర్స్ అను శాస్త్రజ్ఞుడు 1962లో ఈ విషయముపై పేరొందిన గ్రంథము వ్రాసెను. మారు వేళనుబట్టి ఆయన జనులను అయిదు తెగలుగా విభజించెను. నూటికి రెండున్నర వంతు ఆద్యులు. చివరి 16 వంతులు వెనుకబడినవారు. ఆయన తండ్రి అయోవా రైతే. యంత్రములనిన ఇష్టపడిన ఆ రైతు సంకర విత్తనమును మాత్రము చాలకాలము నమ్మలేదు. 1936 నాటి కరవులో పొరుగువాని సంకరపు చేను నిలిచినది. ఆయన చేను వాడినది. ఒకే మనిషి ఒక విషయమున ముందు, మరియొక విషయమున వెనుక నుండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమునను ఇట్టి ఉదాహరణము కలదు. 1966లో ఫిలిప్పీన్సునుండి వెలువడిన ఐఆర్-8 అను పొట్టి వరి వంగడమును పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో 1967లో పండించిరి. కాని ఆ వరికి నీరు, ఎరువు దండిగా కావలెను. కాలువ క్రింది రైతునకు తగిన విత్తనము మెట్ట రైతునకు తగకపోవచ్చును. ఒక్క పంట పోయిన అప్పులపాలగువాడు ఆలస్యము చేయుట మూర్ఖత్వము కాదు, లెక్కయే. మారనివానిదే తప్పని తలచుట పరిశోధకుల పొరపాటని రోజర్స్ తరువాతి కాలమున తానే వ్రాసెను.

అయినను ఆలస్యమునకు మూల్యము కలదు. ముందు మారినవాడు లాభము పొందును. అందరును మారునప్పటికి పంట పెరిగి ధర తగ్గవచ్చును. కావున చివరివానిని నిందించుటకంటె, అతడు కొంచెము భూమిలో, కొంచెము ఖర్చుతో పరీక్షించి చూచుకొను వీలు కల్పించుట మేలు. ఆ విద్యార్థికి నేను ఇదియే చెప్పితిని: "మీ నాన్నగారు ఎందుకు ఆగిరో ఇంటికి పోయి అడుగుము. ఆ జవాబు వ్రాసి తెమ్ము. మన గ్రాఫులో లేనిది అదియే."