గుర్రం నడక.. మనిషికి ఊతం

మోకాళ్ల కింద రెండు కాళ్లూ చచ్చుబడిన మహిళ గుర్రమెక్కి ఒలింపిక్ రజతం గెలుచుకున్నారంటే నమ్మడం కష్టం. 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ ఆ ఘనత సాధించారు. గుర్రం ఎక్కాలన్నా, దిగాలన్నా ఆమెకు మరొకరి సాయం తప్పనిసరి. పతకాల వేదికపైకి ఆమెను చేయూతనిచ్చి ఎక్కించింది ఆ పోటీలో స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సెయింట్ సిర్. గుర్రాల సాయంతో చికిత్స అనే ఆలోచన పాశ్చాత్య దేశాల్లో వ్యాపించడానికి ఈ విజయం పెద్ద ప్రేరణగా నిలిచింది.

సెరిబ్రల్ పాల్సీ అనే మస్తిష్క పక్షవాతం, ఆటిజం వంటి సమస్యలున్న పిల్లలకు, యుద్ధభూమి నుంచి మానసిక గాయాలతో తిరిగివచ్చిన సైనికులకు ప్రస్తుతం అనేక దేశాల్లో ఈ తరహా చికిత్స అందుతోంది. మన దేశంలోనూ కొన్ని నగరాల్లో ఇటువంటి కేంద్రాలున్నాయి. బిడ్డ నాలుగడుగులు వేస్తే చాలని ఏళ్ల తరబడి ఎదురుచూసే తల్లిదండ్రులకు ఈ కబురు కొండంత ఆశ కల్పిస్తుంది. అందుకే గుర్రం చేయగలిగిన మేలు ఏమిటో, చేయలేనిది ఏమిటో తెలుసుకోవడం అవసరం.

పోలియో పగబట్టినా..

హార్టెల్ 1921లో జన్మించారు. డ్రెసాజ్ అనే అశ్వక్రీడలో ఆమె చిన్న వయసులోనే డెన్మార్క్ విజేతగా నిలిచారు. రౌతు ఇచ్చే సూక్ష్మమైన సంకేతాలను అనుసరించి గుర్రం లయబద్ధంగా అడుగులు వేయడమే ఈ క్రీడ. 1944లో, 23 ఏళ్ల వయసులో, గర్భవతిగా ఉన్న సమయంలో ఆమెకు పోలియో సోకింది. ఆ రోజుల్లో పోలియోకు టీకా లేదు. 1955లో గానీ అది అందుబాటులోకి రాలేదు. ఆడబిడ్డ క్షేమంగా పుట్టినా తల్లికి కాళ్లతో పాటు చేతుల్లోనూ పట్టు తగ్గింది. మొదట పాకడం, ఆపై ఊతకర్రలతో నడవడం నేర్చుకున్న ఆమె మళ్లీ గుర్రమెక్కారు. 1947 నాటికే తిరిగి పోటీల్లో పాల్గొన్నారు.

డ్రెసాజ్‌లో రౌతు ప్రధానంగా కాళ్ల ఒత్తిడితోనే గుర్రాన్ని నడిపిస్తాడు. హార్టెల్‌కు ఆ వీలు లేదు. నడుము, వెన్ను కదిలిస్తూ, శరీర బరువును అటూ ఇటూ మారుస్తూ తన గుర్రం జూబిలీకి సంకేతాలు ఇచ్చేవారు. అంతకుముందు ఒలింపిక్ డ్రెసాజ్ సైనికాధికారులకే పరిమితంగా ఉండేది. మహిళలకు ప్రవేశం లభించిన తొలిసారే ఆమె పతకం సాధించారు. 1956లోనూ రజతం నిలబెట్టుకున్నారు.

అయితే గుర్రం ఆమె కాళ్లను బాగు చేయలేదు. మోకాళ్ల కింది చచ్చుదనం అలాగే మిగిలిపోయింది. శరీరంలో ఇంకా మిగిలివున్న శక్తిని పూర్తిగా వినియోగించుకునే దారిని మాత్రం గుర్రం చూపింది. ఈ చికిత్స స్వభావం మొత్తం ఇందులోనే ఉంది.

నడకలోనే కిటుకు

గుర్రం నెమ్మదిగా నడిచేటప్పుడు నాలుగు కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటిగా నేలపై మోపుతుంది. ఆ నడకకు వీపుపై కూర్చున్న వ్యక్తి నడుము ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. మనిషి సొంతంగా నడిచేటప్పుడు కటి భాగం కదిలే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. నిమిషానికి సుమారు 100 సార్లు ఈ కదలిక అందుతుంది. ఎన్నడూ నడవని బిడ్డ శరీరానికి నడక లయ ఇలా పరిచయమవుతుంది. ఒరిగిపోకుండా నిలదొక్కుకునేందుకు మెడ, వెన్ను, పొట్ట కండరాలు అడుగడుగునా పనిచేయాల్సి వస్తుంది.

గుర్రం శరీర ఉష్ణోగ్రత సుమారు 38 డిగ్రీల సెల్సియస్. అంటే మనిషి కన్నా దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ. జీను లేకుండా మెత్తటి గుడ్డ పరిచి కూర్చోబెడితే ఆ వెచ్చదనం, నడక లయ కలిసి బిగుసుకుపోయిన తొడ కండరాలు సడలడానికి తోడ్పడతాయి. ఫిజియోథెరపిస్టు వంటి శిక్షణ పొందిన చికిత్సకులు ఈ కదలికను వైద్య సాధనంగా వాడటాన్ని హిప్పోథెరపీ అంటారు. గ్రీకు భాషలో హిప్పోస్ అంటే గుర్రం. స్వారీ నేర్పడం దీని ఉద్దేశం కాదు.

అమెరికాలో 2003లో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో ఆసక్తికరం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్లో కొందరిని 8 నిమిషాల పాటు నడిచే గుర్రంపైనా, మిగిలినవారిని అంతే సమయం కదలని పీపాపైనా కూర్చోబెట్టారు. గుర్రమెక్కిన పిల్లల్లో శరీరం రెండు వైపులా కండరాల పనితీరు సమతూకానికి దగ్గరైంది. పీపాపై కూర్చున్నవారిలో అటువంటి మెరుగుదల కనిపించలేదు. అంటే మేలు చేసింది కూర్చున్న భంగిమ ఒక్కటే కాదు, గుర్రం నడక. అయితే పాల్గొన్న పిల్లలు కొద్దిమందే కావడం గమనార్హం.

మనసును పసిగట్టే మూగజీవి

ఇక మానసిక చికిత్సలో చాలాసార్లు గుర్రం ఎక్కనే ఎక్కరు. ఒళ్లు దువ్వడం, మేత వేయడం, పగ్గం పట్టి నడిపించడం వంటి పనులే ఉంటాయి. గుర్రం క్రూరమృగాలకు ఆహారమయ్యే జాతి. ప్రమాదాన్ని ముందే గుర్తించడంపైనే దాని మనుగడ ఆధారపడింది. తలకు ఇరువైపులా ఉన్న కళ్లతో దాదాపు చుట్టూ చూడగలదు. చెవులను దేనికది విడిగా తిప్పగలదు. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 28 గుర్రాలకు మనుషుల ముఖచిత్రాలు చూపగా, కోపంగా ఉన్న ముఖాన్ని చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

మనిషి విసురుగా, ఆందోళనతో దగ్గరకు వెళితే గుర్రం బెదిరి పక్కకు తప్పుకుంటుంది. ఊపిరి నెమ్మదించి, మెల్లగా అడుగు వేస్తే చేరనిస్తుంది. తన లోపలి ఉద్వేగం బయటకు ఎలా కనిపిస్తోందో మనిషికి అక్కడికక్కడే తెలిసివస్తుంది. ఉపదేశంతో పని లేకుండానే తనను తాను అదుపు చేసుకోవడం అలవడుతుంది.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 63 మంది మాజీ సైనికులు వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు గుర్రాలతో గడిపారు. వారిలో యుద్ధానుభవాల వల్ల కలిగిన ఒత్తిడి, కుంగుబాటు లక్షణాలు తగ్గినట్లు 2021లో ప్రకటించారు. పోల్చి చూడటానికి మరో బృందం లేనందున దీనిని తుది తీర్పుగా భావించలేం. ఆటిజం ఉన్న 127 మంది పిల్లలపై జరిగిన మరో అధ్యయనంలో ఆ లోపం లేదు. కొందరికి 10 వారాలు స్వారీ నేర్పారు. మిగిలినవారికి గుర్రాన్ని తాకే అవకాశం లేకుండా గుర్రాల గురించి మాత్రమే బోధించారు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గినట్లు 2015లో వెల్లడైంది.

అందరికీ తగదు

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. గుర్రంపై కుదుపులు వారికి ప్రమాదకరం. తుంటి కీలు తొలగినవారు, అదుపులోకి రాని మూర్ఛ ఉన్నవారు, ఎముకలు పెళుసుబారినవారు, వెన్ను తీవ్రంగా వంకర తిరిగినవారు వైద్యుని అనుమతి లేనిదే గుర్రమెక్కరాదు. గుర్రం వెంట్రుకలు పడనివారు సైతం జాగ్రత్త వహించాలి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లపై నడుస్తుందని సామెత. చికిత్సకు ఎంచుకునే గుర్రం మాత్రం రౌతు ఎంత మెత్తనైనా నాలుగు కాళ్లపైనా నిలకడగా నడవాలి. అటువంటి తర్ఫీదు పొందిన గుర్రం, దానిని నడిపించే మనిషి, బిడ్డకు చెరోవైపు నడిచే ఇద్దరు సహాయకులు, తలకు హెల్మెట్, పక్కన చికిత్సకుడు.. ఇంత ఏర్పాటు ఉంటేనే అది చికిత్స. పెళ్లి ఊరేగింపుల్లో, విహార స్థలాల్లో తిప్పే గుర్రంపై బిడ్డను ఎక్కించి అదే వైద్యమనుకుంటే ముప్పు కొనితెచ్చుకున్నట్లే. గుర్రాల మధ్య మసలేవారు ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. గ్లాండర్స్ అనే ప్రాణాంతక వ్యాధి గుర్రాల నుంచి మనుషులకు సోకే ప్రమాదం ఉన్నందున, ఆ పరీక్ష చేయించారో లేదో నిర్వాహకులను అడగాలి.

గుర్రం లేకున్నా..

జిల్లాల్లోని అత్యధిక కుటుంబాలకు ఇటువంటి కేంద్రం అందుబాటులో లేదు. అంతమాత్రాన నిరాశ చెందనవసరం లేదు. గుర్రంతో చికిత్స ఫిజియోథెరపీకి తోడే కానీ దానికి బదులు కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లోనూ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన సత్వర చికిత్స కేంద్రాల్లోనూ ఫిజియోథెరపీ సేవలు లభిస్తాయి. పెద్ద బంతిపై కూర్చోబెట్టి నడుము నిలపడం నేర్పే వ్యాయామాలు అక్కడి నిపుణుల పర్యవేక్షణలో చేయించవచ్చు. నగరంలోని గుర్రాల కేంద్రం కోసం ఊళ్లో జరుగుతున్న వ్యాయామాన్ని మాన్పిస్తే బిడ్డకే నష్టం.

ఏ చికిత్స అయినా నెలల తరబడి క్రమం తప్పకుండా సాగితేనే ఫలితం కనిపిస్తుంది. బిడ్డ నడిచాడా లేదా అన్నదొక్కటే కొలమానం కాకూడదు. మెడ నిలపడం, ఆసరా లేకుండా కూర్చోవడం, తన చేత్తో తాను ముద్ద నోట్లో పెట్టుకోవడం.. ఇవన్నీ ముందడుగులే. ఏ నెలలో ఏ మార్పు వచ్చిందో తల్లిదండ్రులు ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే తదుపరి చికిత్సను నిర్ణయించడం వైద్యులకు సులువవుతుంది.