వానకు ముందే బాయి భద్రం!

వానాకాలం వస్తోందంటే ఇంటి పెంకులు సర్దుకుంటాం. మూలనున్న గొడుగు దులిపి పెట్టుకుంటాం. గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో ఇంటితో పాటు బొగ్గుబాయినీ వానకు సిద్ధం చేయాలి. అదీ ఎండలు మండుతుండగానే!

గిన్నెలో నీళ్లు

ఓపెన్‌కాస్ట్ గని ఓ పెద్ద గిన్నె లాంటిది. పైనుంచి వచ్చే వరద లోపలికి దూకకుండా ముందుగానే చుట్టూ కాలువలు తవ్వుతారు. అయినా గనిలో కురిసిన వాన ఎక్కడికి పోతుంది? అట్టడుగున ఉండే సంపులోకి చేరుతుంది. అక్కణ్నుంచి మోటార్లతో బయటికి తోడాల్సిందే. దారులు బురదైతే డంపర్లు జారతాయి. నానిన మట్టిదిబ్బలు కూలొచ్చు. అందుకే కుండపోత వానల్లో పని ఆపేస్తారు. 2022, 2023 జులైల్లో సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో జరిగింది అదే.

లోపలి బాయికి...

భూగర్భ గనులకు జాగ్రత్తలు వేరు. గని ముఖద్వారం, అక్కడి అత్యధిక వరద మట్టం కంటే కనీసం 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. బొగ్గు తీశాక పైనేల కుంగి పగుళ్లు వస్తే వానకు ముందే మట్టితో పూడ్చాలి. లేదంటే వాననీరు వాటిలోంచే గనిలోకి దిగుతుంది. 1995 సెప్టెంబరులో ఝరియా బొగ్గు ప్రాంతంలో భారీ వానలకు కత్రీ నది పొంగి గనుల్లోకి చొరబడింది. గాస్లీటాండ్ గనిలో 64 మంది కార్మికులు చనిపోయారు.

పాత నీళ్లతో ముప్పు

పైన కురిసే వాన కంటికి కనిపిస్తుంది. తవ్వి వదిలేసిన పాత గనుల్లో ఏళ్ల తరబడి చేరిన నీరు కనిపించదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి అలాంటి నీరే ఒక్కసారిగా విరుచుకుపడింది. 17 మంది ప్రాణాలు పోయాయి. పాత గనికి 60 మీటర్లలోపు తవ్వాలంటే ముందస్తు అనుమతి ఉండాలన్న నిబంధన ఇందుకే. అలాంటి చోట ముందుగా సన్నని రంధ్రాలు వేసి, అవతల నీళ్లున్నాయేమో చూసుకుంటూ సాగాలి. పాత గనుల పటాలు సరిగ్గా ఉండటమూ ప్రాణాలు కాపాడే ఏర్పాటే!

ఊరి వంతు

గనుల పక్కన ఉండేవాళ్లూ కొన్ని గుర్తుంచుకోవాలి. నేల కుంగినా, కొత్తగా పగుళ్లు కనిపించినా వెంటనే గని అధికారులకు చెప్పాలి. వానకాలువల్లో చెత్త వేయకూడదు. నీళ్లు నిండిన పాత క్వారీల వైపు పిల్లల్ని పోనివ్వొద్దు. షిఫ్టుకెళ్లిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడానికి ఈ చిన్న జాగ్రత్తలూ అవసరమే.